పార్శిల్‌లో పోయిన గోళీలు

నాకు రాయాలన్న ముచ్చట పుట్టి ఇది రాయడం లేదు. కుడిచేతికి పని పెట్టమని వ్యాయామం నేర్పే ఆయన చెప్పాడు. బియ్యంలో చేయి పెట్టి పిసకమన్నాడు, పిసికాను. తీగకు బట్టల క్లిప్పులు పెట్టి తీయమన్నాడు, అదీ చేశాను. ఆ తర్వాత రోజూ ఒక పేజీ ఏదో ఒకటి రాయమన్నాడు. పదో తరగతి అయ్యాక నేను ఎక్కడైనా రాసింది నా పేరు మాత్రమే. అందుకని కొన్నాళ్లు కూరగాయల పేర్లు రాశాను. బెండకాయ, బీరకాయ, చిక్కుడుకాయ. మా బిడ్డ స్రవంతి చూసి, "అమ్మా, గీ కూరగాయలు ఎవరు చదువుతరే? నీకైంది రాయరాదా?" అంది. సరే, నాకైంది రాస్తున్నాను. నాలాంటి ఇంకో ఆడమనిషి ఇది చదివి తన గోళీ తాను మింగితే మంచిదే. మింగకపోతే నేను చేసేదేమీ లేదు.

నా పేరు భాగ్య. పుట్టింది సిరిసిల్లలో. మా ఇంట్లో సాంచాలుండేవి, అంటే కరెంటుతో నడిచే మగ్గాలు. నన్ను కోరుట్లకు ఇచ్చారు. మా ఆయన రాజేశం కూడా నేతపని ఇంట్లో పుట్టినవాడే. ఆ పనితో ఇల్లు గడవక గల్ఫ్‌కు పోయాడు. అక్కడ కట్టడాల మీద పని, క్యాంపులో మంచం. నేను ఇక్కడ బీడీలు చేసేదాన్ని. చాట ఒళ్లో పెట్టుకుంటే నాకు లోకం అక్కర్లేదు. మా వాడలో నా బీడీ కట్టకు కార్ఖానాలో ఎవరూ వంక పెట్టేవాళ్లు కాదు. ఈ మాట గొప్పకే చెప్తున్నాను.

ఎండాకాలం

మా వైపు పార్శిల్ అని ఒకటుంది. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాడు తిరిగి పోయే ముందురోజు వాళ్లింటి అరుగు మీద చూడాలి. మామిడికాయ తొక్కు, సకినాలు, కారప్పొడి, ఎండుచేపలు, బీడీ కట్టలు. ఒక్కోదాని మీద పేరు రాసిన చీటీ. వాడి పెట్టెలో వాడి బట్టలకు జాగా ఉండదు. అయినా ఎవరిదీ కాదనడు, ఎందుకంటే రేపు వాళ్లమ్మ కూడా ఇంకొకడి అరుగు మీదికి డబ్బా పట్టుకుని పోవాల్సిందే. ఆ డబ్బాలన్నిటిలోనూ అడుగున ఏదో ఒక మందు ఉంటుంది. నడుము నొప్పికి, గ్యాసుకు, బీపీకి.

మా ఆయనకు బీపీ ఉన్నట్టు కిందటిసారి సెలవు మీద వచ్చినప్పుడు బయటపడింది. తల తిరుగుతోందని కోరుట్లలోనే ఒక డాక్టర్‌కు చూపించాం. రోజుకొక గోళీ జీవితాంతం వేసుకోవాలన్నాడు. మా ఆయన బయటికి వచ్చి అన్న మొదటి మాట, "గీ సంగతి ఎవ్వలకు చెప్పకు" అని. కంపెనీకి తెలిస్తే వీసా క్యాన్సిల్ చేసి పంపిస్తారని ఆ క్యాంపులో అందరి భయం. అక్కడ డాక్టర్ దగ్గరికి పోతే కంపెనీకి తెలుస్తుంది, పైగా ఆ రోజు పని పోతుంది. కాబట్టి గోళీలు ఇక్కడి నుంచే పోవాలి.

అదే ఎండాకాలంలో ఆశ కార్యకర్త పద్మ మా వాడకు బీపీ మిషను పట్టుకుని వచ్చింది. ముప్పై దాటిన ప్రతి మనిషికీ బీపీ, షుగర్ చూడాలట, సర్కారు హుకుం. పద్మ నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. నా చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి, మళ్లీ కొట్టి, "అక్కా, నీకు బీపీ మస్తుగుంది" అంది. నన్ను ఆరోగ్య కేంద్రానికి తోలుకుపోయింది. అక్కడ గోళీలు రాసిచ్చారు. పైసా ఖర్చు లేదు, నెలనెలా పద్మే ఇంటికి తెచ్చిస్తుంది. ఇంటికొచ్చి ఆ గోళీల పట్టీ తిప్పి చూస్తే, మా ఆయన వాడేదీ అదే గోళీ. అదే పేరు, అదే సైజు. నాకు సంతోషమైంది. రోగం వచ్చినందుకు సంతోషపడిన మనిషిని మా వాడలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అప్పటి నుంచి నా గోళీలు పార్శిల్‌లో పోయాయి. పాత రవికె ముక్కలో చుట్టి సకినాల డబ్బా అడుగున పెట్టేదాన్ని. నాకేమీ నొప్పి లేదు, తల తిరగడం లేదు, చాట ముందు కూర్చుని పని చేసుకుంటున్నాను. ఆయన ఎండలో ఎత్తు మీద నిలబడి పని చేస్తాడు. గోళీ ఎవరికి కావాలో నాకు ఇంకొకరు చెప్పాలా? పద్మ నెలనెలా అడిగేది, "అక్కా, ఏసుకుంటున్నవా?" అని. "ఏసుకుంటున్ననే" అనేదాన్ని. ఒకసారి మళ్లీ బీపీ చూస్తే తగ్గలేదు. పాపం, తగ్గేదెట్లా. ఈ గోళీ సరిపోతలేదని ఆరోగ్య కేంద్రంలో డోసు పెంచి పొద్దున ఒకటి, మాపున ఒకటి ఇచ్చారు. నేను మనసులో దండం పెట్టుకున్నాను. ఇప్పుడు రెండింతలు పంపొచ్చు.

మా ఆయన ఫోన్లో నవ్వాడు. "ఎక్కువైనయ్ భాగ్యా. రూముల మల్లేశంకు సుత ఇస్తున్న. ఆయనకు సుత గదే రోగం." మల్లేశంది వెల్గటూరు, మా ఆయన పక్క మంచం. అట్లా కోరుట్లలో నా పేరు మీద సర్కారు ఇచ్చిన గోళీలు గల్ఫ్‌లో ఒక రూమును నడిపాయి.

ఇంకొకటి రాయాలి. పద్మ బీపీ, షుగర్ అడిగాక చివరన రెండు ప్రశ్నలు అడిగేది. దేని మీదా మనసు పోకుండా ఉంటోందా? మనసు కుంగినట్టు, ఆశ లేనట్టు ఉంటోందా? అడుగుతూనే తన సంచి సర్దుకునేది. నేను నవ్వేదాన్ని. "గివేం ప్రశ్నలే పద్మా?" అంటే, "నాకేం ఎరుక అక్కా, దేశమంతట గివే అడుగుతున్నరట. ఢిల్లీకెల్లి అచ్చినయ్" అనేది. ఢిల్లీకి నా మనసుతో ఏం పని అనుకుని "లేదు, లేదు" అని రెండుసార్లు చెప్పేదాన్ని. ఇద్దరికీ పని తొందరగా అయిపోయేది.

మిరుగు వానలు

ఏడాది తిరిగింది, మిరుగు అంటే మృగశిర కార్తె వచ్చింది. మొగులు పట్టి ఉంది, ఇంకా వాన పడలేదు. పొద్దున వంట చేసి, స్రవంతిని కాలేజీకి పంపి, చాట ముందు కూర్చున్నాను. కొన్ని బీడీలు అయ్యాయి. ఆ తర్వాత ఒక బీడీ మూతి మడవబోతే వేలు రాలేదు. ఆకు ఎండిపోయిందనుకుని పక్కన పడేసి ఇంకో ఆకు తీశాను. దాన్ని చుట్టబోతే తంబాకు అంతా ఒళ్లో పడింది. ఈసారి ఆకు మంచిదే. నా చేయి నాది కానట్టు చాటలో పడి ఉంది. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాను. భయం వేయలేదు. తంబాకు ఎత్తుకోవాలి, వానొస్తే తడుస్తుంది అనుకున్నాను.

మా పక్కింటి ఫర్జానా అప్పుడే వచ్చింది. ఆమె బట్టలు కుడుతుంది, దారం అడగడానికి వచ్చింది. నేను ఏదో చెప్పాను. ఆమె నన్నట్లా చూస్తూ నిలబడింది.

"భాగ్యక్కా, మల్లోపారి అను."

మళ్లీ అన్నాను. నా చెవికే మాట తెలియలేదు, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంది.

"యా అల్లా. నీ మూతి ఒక దిక్కు గుంజుకపోయింది. లే, లే, చాట ఇడిసిపెట్టు."

ఫర్జానా వీధిలోకి పోయి ఆటోను పట్టుకొచ్చింది. కోరుట్లలో చూసి వెంటనే జగిత్యాల పొమ్మన్నారు. దారిపొడవునా నా నోటి పక్క నుంచి చొంగ కారుతుంటే ఆమె తన చున్నీ కొంగుతో తుడుస్తూ వచ్చింది. అది కొత్త చున్నీ, చుట్టాల పెళ్లికని దాచుకున్నది, తొందరలో చేతికందిందని కప్పుకొచ్చింది. దాని మీద తంబాకు మరక పడింది. నేను ఆ మరకనే చూస్తూ కూర్చున్నాను.

జగిత్యాల దవాఖానలో తలకు ఫోటో తీశారు. రక్తం గడ్డకట్టి తలలో దారి మూసుకుపోయిందని చెప్పారు. పద్మ బస్సు దిగి ఉరుక్కుంటూ వచ్చింది. డాక్టర్ అడిగాడు, బీపీ ఉందా, గోళీలు వాడుతోందా అని.

"ఉంది సార్. వాడుతది. ఒక్క నెల సుత తప్పలే, నా చేతుల మీదనే ఇస్తున్న" అంది పద్మ.

"అవును సార్, నేను సుత చూసిన" అంది ఫర్జానా.

"వాడంగ వాడంగ గింత బీపీ ఎట్ల?" అన్నాడు డాక్టర్.

నేను మంచం మీద పడుకుని అన్నీ విన్నాను. చెప్పడానికి నోరు రాదు, వచ్చినా చెప్పేదాన్ని కాదేమో. పద్మ గోడకు ఆనుకుని ఏడ్చింది. మంచి గోళీలు రాలేదేమో, తాను తప్పు గోళీలు ఇచ్చిందేమో అని ఆమె భయం. ఆమె ఏడుపు నాకు వినిపించింది, అంతే. అయ్యో అనిపించలేదు.

నేను లోపల ఉన్నన్ని రోజులూ స్రవంతి, ఫర్జానా వంతులవారీగా వరండా బెంచీ మీద కూర్చున్నారు. ఆ బెంచీ మీద కూర్చునేవాళ్లందరికీ ఒకరి రోగం ఒకరికి తెలుసని స్రవంతి తర్వాత చెప్పింది. ఎవరి మనిషి పేరు పిలిచినా అందరూ లేచేవారట. ఎవరిదో తెలియని ఒక ముసలమ్మ రోజూ దీనికి సగం రొట్టె పెట్టేదట. "పేరు అడిగినవా?" అంటే అడగలేదంది.

సిరిసిల్ల

నన్ను దవాఖాన నుంచి నేరుగా సిరిసిల్ల తీసుకుపోయారు. మా అన్న సత్యం, వదిన ఉన్నారక్కడ. స్రవంతికి కాలేజీ ఉంది, కోరుట్లలో నన్ను లేపి కూర్చోబెట్టే మనిషి లేదు. అది సెలవు రోజుల్లో వచ్చి పోయేది.

మా ఆయనకు చెప్పవద్దని అన్నే అన్నాడు. "చెప్తే బావకు ఆడ బీపీ పెరుగుతది. ఆయన పడిపోతే చూసెటోళ్లెవలు?" అందరికీ అది సబబుగానే తోచింది. నా మాట తేడాగా ఉంది కాబట్టి నేను పన్ను పీకించుకున్నానని స్రవంతి ఫోన్లో చెప్పింది. వీడియో పెట్టమంటే నెట్ లేదంది. నేను ఊఁ, ఊఁ అనేదాన్ని. వారాలు గడిచాయి. "ఒక్క పన్ను ఎన్ని నెలలు పీకుతరు మీ డాక్టర్లు?" అన్నాడు ఒకసారి. స్రవంతి నవ్వి, ఫోన్ పెట్టేసి, గోడ దిక్కు తిరిగింది.

మా అన్న ఇంట్లో సగం సాంచాలు ఆగిపోయి ఉన్నాయి, సగం నడుస్తున్నాయి. చిన్నప్పుడు ఆ చప్పుడు ఆగితే నిద్ర లేచేదాన్ని. ఇప్పుడు నడిచినా ఆగినా ఒకటే. వదిన పప్పు పెడితే తిన్నాను, పెట్టకపోతే అడగలేదు. స్రవంతికి పరీక్షలో మంచి మార్కులు వచ్చాయని చెప్తే ఊఁ అన్నాను. నాకు ఏడుపు రాలేదు. చాలామంది ఏడువు, ఏడిస్తే తేలికవుతుందన్నారు. ఏడవడానికైనా లోపల ఏదో ఒకటి ఉండాలి కదా.

ఇప్పుడు నా గోళీలు నేనే మింగుతున్నాను. వదిన ఎదురుగా నిలబడి మింగిస్తోంది. అంటే పార్శిల్ ఆగిపోయింది. ఆయన దగ్గర ఉన్నవి అయిపోతాయి. మల్లేశంవీ అయిపోతాయి. నాకైనట్టే ఆయనకూ అవుతుంది, ఎత్తు మీద పని చేస్తుండగా చేయి పడిపోతే పట్టుకునే ఫర్జానా అక్కడ ఉండదు. ఇదంతా నేను కూర్చుని వరసగా ఆలోచించాను. ఆయన పడిపోతాడు అనుకున్నాను. అనుకున్నాక చాయ్ తాగాను. చాయ్‌లో చక్కెర తక్కువైంది, అదీ చెప్పలేదు.

అన్న నన్ను ఒంటరిగా విడిచేవాడు కాదు. బయట కూర్చుంటే వచ్చి పక్కన కూర్చునేవాడు. స్నానానికి పోయినా వదిన తలుపు బయట నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది. మొదట నాకు అర్థం కాలేదు. సాంచాలు ఆగిన కాలంలో అన్న దోస్తు ఒకాయన ఇట్లాగే ఎవరితో మాట్లాడకుండా అరుగు మీద కూర్చునేవాడు. అందరూ ఆయనకు విశ్రాంతి కావాలనుకున్నారు. ఒకరోజు ఆయన లేడు. మా వాడలో అట్లాంటి ఇల్లు అదొక్కటే కాదు. అందుకే సిరిసిల్లవాళ్లు ఉలుకూ పలుకూ లేని మనిషిని చూస్తే భయపడతారు.

వదిన కొండగట్టు ఆంజనేయస్వామి గుడికి పోదామంది. మతి చెడినవాళ్లను అంజన్న దగ్గరికి తీసుకుపోయి కొన్నాళ్లు ఉంచడం మా వైపు ఎప్పటి నుంచో ఉంది. "మతి చెడలే, చేయి చెడ్డది" అన్నాను. "రెండు సుత చెప్పుకుందాం, పోయేదేముంది" అంది. పోయాం. అన్న నన్ను భుజం పట్టి గుడి చుట్టూ తిప్పాడు. ఒక తల్లి మీసాలొచ్చిన కొడుకుకు ముద్దలు కలిపి నోట్లో పెడుతోంది. అతను ఎటో చూస్తూ నములుతున్నాడు. ఆమె ముఖంలో సిగ్గు లేదు, విసుగు లేదు. నన్ను మొక్కుకోమన్నారు. కళ్లు మూసుకున్నాను కాని ఏం కోరుకోవాలో తోచలేదు. స్వామీ, వదిన కాళ్లు నొస్తున్నట్టున్నాయి, తొందరగా ఇంటికి పోనీ అని మొక్కుకున్నాను.

పీర్ల పండుగ పోయాక

కొండగట్టు నుంచి వచ్చాక అన్న నన్ను సిరిసిల్ల సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ మనసు సంగతులు మాట్లాడే గది ఒకటుంది. నేతపనివాళ్ల ఇళ్లల్లో జరిగినవి జరిగాక పెట్టారని అన్న చెప్పాడు. గది బయట కుర్చీల్లో చాలామంది ఉన్నారు. ఎందుకొచ్చారని ఎవరినడిగినా మోకాళ్ల నొప్పి అన్నారు. మా అన్నను అడిగితే ఆయన కూడా, "మా చెల్లెకు మోకాళ్లు" అన్నాడు.

లోపల చిన్న వయసు మేడమ్. మా స్రవంతి కంటే కొంచెం పెద్దదేమో. చేయి గురించి అడిగింది, తిండి అడిగింది, నిద్ర అడిగింది. ఆ తర్వాత పద్మ అడిగిన ఆ రెండు ప్రశ్నలే అడిగింది. మాటలు కూడా అవే. దేని మీదా మనసు పోకుండా ఉంటోందా? నేను అలవాటు కొద్దీ లేదు అన్నాను. ఆమె ఇంకో ప్రశ్నకు పోలేదు. సంచి సర్దుకోలేదు. నన్ను చూస్తూ కూర్చుంది. ఫ్యాన్ తిరుగుతోంది. ఆమె అట్లా కూర్చుంటే నాకే ఇబ్బందైంది, ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదనిపించింది.

"మా ఆయన గోళీలు అయిపోవచ్చినయ్ మేడమ్. అయినా నాకేం అనిపిస్తలేదు."

"ఏం గోళీలు అమ్మా?"

అప్పుడు చెప్పాను. సకినాల డబ్బా, రవికె ముక్క, రెండింతలైన డోసు, మల్లేశం, పన్ను. నా మాట ఇంకా మెల్లగా వస్తుంది కాబట్టి చాలాసేపు పట్టింది. అన్న తలుపు దగ్గర నిలబడి అంతా విని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మేడమ్ నన్ను తిట్టలేదు. ఎవరైనా తిడితే బాగుండనుకున్నాను.

"గోళీలు ఇగ రావని మీ ఆయనకు చెప్పిండ్రా?"

"చెప్తే ఎందుకంటడు. మొకం చూపియ్యాల్సొస్తది."

"చూపిస్తే ఏమైతది?"

"ఆయనకు భయమైతది. నాకైతే ఏం కాదు. నాకు భయం రాంగనే చెప్దామని చూస్తున్న మేడమ్. వస్తలేదు."

"భయం వచ్చేదాక ఆగకుండ్రి. అది నేనిచ్చే మనసు గోళీలు మొదలుపెట్టినంక మెల్లమెల్లగ వస్తది, ఏడుపు సుత వస్తది. ముందుగాల చెప్పుండ్రి. మనసుకు తెలవకున్నా మీకు తెలుసు గదా, చెప్పాల్నని."

ఇది వైద్యమా, మామూలు మాటా నాకు తెలియదు. కాని నేను విన్నవాటిలో పనికొచ్చినది ఇదొక్కటే. మిగతా అందరూ ధైర్యం చెప్పారు. నాకు ధైర్యం తక్కువ కాలేదు, అసలేదీ లేదు. తలలో రక్తం గడ్డకట్టినవాళ్లలో చాలామందికి ఇట్లా అవుతుందని, ఇది కూడా రోగమేనని, దీనికీ గోళీ ఉందని ఆమె చెప్పింది. ఆ గోళీల పట్టీని వదిన బియ్యం డబ్బా వెనక పెట్టింది. చుట్టాలు వస్తే చూసి పిచ్చి గోళీలంటారని. బీపీ గోళీలు మాత్రం టీవీ పక్కనే ఉంటాయి, వాటికి మర్యాద ఉంది.

బతుకమ్మ ముందు

కొంచెం నడక వచ్చాక కోరుట్లకు వచ్చాను. పద్మ బీపీ మిషను పట్టుకుని వచ్చింది. పట్టీ ఒకసారి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది. అప్పుడు చెప్పాను, నీ గోళీల తప్పు లేదు, నేను మింగలేదని. ఆమె మిషను కింద పెట్టింది.

"నెలనెలా నా చేతులకెల్లి తీసుకున్నవ్ గదక్కా. ఏసుకుంటున్ననే అన్నవ్. నీ వల్ల నాకు అన్నం సయించలే గిన్ని రోజులు. నేనే నిన్ను చంపిన్నేమో అనుకున్న."

"చావలే గద" అన్నాను.

"నీతోని మాట్లాడ" అని లేచి పోయింది. సాయంత్రం తిరిగి వచ్చి బీపీ చూసింది. ఆ రోజు మాట్లాడలేదు, మిషను మాత్రమే మాట్లాడింది. మరుసటి వారం నుంచి వచ్చినప్పుడు ఒక గోళీ నా చేత్తో తీయించి, తన ఎదుటే మింగించి పోతోంది. ఆ రెండు ప్రశ్నలూ ఇప్పుడు చాయ్ తాగుతూ అడుగుతుంది. మా వాడలో గల్ఫ్ మొగుళ్లున్న ఆడవాళ్లందరినీ ఇంకో మాట కూడా అడుగుతోందట, "నువ్వు ఏసుకుంటున్నవా, పంపిస్తున్నవా?" అని. ఇద్దరు తల వంచుకున్నారని చెప్పింది. ఇది ఢిల్లీ నుంచి రాలేదు, పద్మే చేర్చుకుంది.

అయినా మా ఆయనకు మాత్రం చెప్పలేదు. ఇవాళ, రేపు అనుకుంటూనే ఉన్నాను. భయం ఇంకా రాలేదు.

వాళ్లకు శుక్రవారం సెలవు. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆయన గొంతు వేరుగా ఉంది. స్పీకర్ పెట్టింది స్రవంతి.

"మల్లేశం పడిపోయిండే. పని కాడ. మాట పోయింది, కుడి దిక్కు పడిపోయింది. దవాఖానల ఏసిండ్రు."

ఊఁ అన్నాను.

"ఆయన గోళీలు అయిపోయి నెల దాటింది. నేను నావి సగం సగం ఇరిసి ఆయనకు సుత ఇచ్చిన. గవి సుత అయిపోయినయ్. పార్శిల్ ఎప్పుడు పంపుతవ్? ఎవలన్న వస్తున్నరా?"

సగం సగం ఇరిసి. ఆ మాట దగ్గర నా లోపల ఏదో కదిలింది. నొప్పి అని చెప్పలేను. చాలాసేపు మడిచి కూర్చున్న కాలికి తిమ్మిరి వదిలేటప్పుడు ఉంటుంది కదా, అట్లా. నేను ఇక్కడ ఒకటి కూడా మింగకుండా పంపినవి ఆయన అక్కడ విరిచి పంచాడు. ఇప్పుడు ఆయన అరచేతిలో సగం కూడా లేదు.

"వీడియో పెట్టు" అన్నాను స్రవంతితో.

"అమ్మా, వద్దే. మామ వద్దన్నడు గదా."

"పెట్టు బిడ్డా."

అది పెట్టింది. నేను ఫోన్ ఎడమచేత్తో పట్టుకుని నా ముఖం ఎదురుగా పెట్టుకున్నాను. తెర మీద ఆయన, వెనక ఇనుప మంచం, దాని మీద ఎవరూ లేరు. అది మల్లేశంది కావచ్చు. ఆయన మొదట నెట్ సరిగా లేక బొమ్మ వంకరగా వస్తోందనుకున్నాడు. ఫోన్ను అటూ ఇటూ తిప్పాడు. తర్వాత తిప్పడం ఆపాడు.

"ఏందే గిది?"

"పన్ను కాదు. నాకు సుత మల్లేశం లెక్కనే అయింది. మిరుగు వానలప్పుడు. ఇప్పుడు నడుస్తున్న."

"గోళీలు ఏసుకుంటలేవా?"

"నీకు పంపినవి నావే."

బీపీ చూపించుకున్నానని, సర్కారు గోళీలు వస్తున్నాయని ఆయనకు తెలుసు. నాకు రెండింతలు ఇస్తున్నారని, మిగిలినవి పంపుతున్నానని అనుకున్నాడట. నేను ఎప్పుడూ అట్లా చెప్పలేదు, ఆయన ఎప్పుడూ అడగలేదు. ఆయన తువ్వాలు తీసుకుని ముఖం మీద వేసుకున్నాడు. తువ్వాలు కింద భుజాలు కదిలాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏడవగా నేను చూడలేదు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. మూతి వంకర ఉన్నవాళ్లు ఏడిస్తే చూడ్డానికి బాగుండదు. స్రవంతి ఫోన్ తీసుకోబోతే ఇవ్వలేదు.

"ఇనుండ్రి" అన్నాను. ఎప్పుడూ అండి అనని దాన్ని, ఎందుకో వచ్చింది. "ఇగ పార్శిల్ రాదు. ఎవల పార్శిల్ వచ్చినా నాది రాదు. నువ్వు రేపు పొద్దుగాల ఆ దవాఖానకే పో. పంపిస్తే పంపియ్యనీ. పడిపోయినంక పంపుడు కన్నా నడిచేటప్పుడు పంపుడు మంచిది గదా."

"పోత" అన్నాడు. తువ్వాలు తీయకుండానే అన్నాడు.

ఇప్పుడు

మల్లేశం బతికాడు. చక్రాల కుర్చీలో వెల్గటూరుకు వచ్చాడని తెలిసింది. ఒకసారి పోయి చూడాలి, చేతికి బియ్యం పిసకడం చెప్పాలి, ఆయన భార్యకు సిరిసిల్ల గది సంగతి చెప్పాలి.

మా ఆయన దవాఖానకు పోయాడు. అక్కడి డాక్టర్ గోళీలు రాశాడు. కంపెనీవాళ్లు ఇప్పటిదాకా పంపించలేదు, ఎత్తు మీద పని మాత్రం తీసేసి కింద సామాన్ల దగ్గర పెట్టారు. జీతం తగ్గింది. రేపు పంపిస్తారేమో, పంపించరేమో. సెలవు దొరికితే వస్తానంటున్నాడు.

నేను బాగయ్యానని రాయను. బీడీ మూతి మడవడం ఇంకా రాదు. ఫర్జానా చున్నీ మీది తంబాకు మరక పోలేదు, ఇంకోటి కొనిస్తానంటే తిట్టింది. ఈసారి బతుకమ్మను స్రవంతి పేర్చింది, నేను పూలు అందించాను, కొన్ని చేతిలోంచి జారాయి. కొన్ని రోజులు మళ్లీ ఏమీ అనిపించకుండానే గడుస్తాయి. అప్పుడు మనసు గోళీ వేసుకుని బియ్యంలో చేయి పెడతాను. ఆ గోళీల పట్టీని ఇప్పుడు టీవీ పక్కనే పెట్టాను. చుట్టాలు చూస్తే చూడనీ.

సాయంత్రం ఆయన పని దిగి, కాళ్లు కడుక్కుని ఫోన్ చేస్తాడు. వీడియోనే. ఇద్దరం గోళీ చూపించుకుంటాం, నీళ్లు తాగుతాం. మొదటి రోజు నేను మింగానంటే ఆయన నమ్మలేదు.

"నోరు తెరువు" అన్నాడు.

"నా మూతి చూడబుద్ధి కాదు నీకు."

"తెరువే. నాలిక సుత లేపు. చెంపలల్ల పెట్టుకున్నవేమో."

తెరిచాను. ఫోన్ దగ్గరికి పెట్టుకుని పళ్ల డాక్టర్ లాగా చూశాడు. "పీకిన పన్ను ఏది మరి?" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది, నీళ్లు పొలమారాయి. తర్వాత నేను అడిగాను, ఆయన తెరిచాడు. అప్పటి నుంచి రోజూ అంతే. నెలల తరబడి ఎవరికీ చూపించకుండా కొంగు అడ్డం పెట్టుకున్న మూతి ఇది. ఇంకా ఒక పక్కకే ఉంది. సాయంత్రం కాగానే ఆయన ముందు పూర్తిగా తెరుస్తాను.